మట్టి చొక్కాకు గిట్టుబాటు ధర

మనకు గవర్నరంటే ఢిల్లీ నుంచి కాగితం పట్టుకుని రాజ్‌భవన్‌లో దిగే పెద్దమనిషి. ఆయన ఎవరినీ ఓటు అడగడు, ఆయన పేరేమిటని మనమూ అడగం. 1984లో రామ్‌లాల్ గారు ఎన్టీఆర్ సర్కారును ఇంటికి పంపాక గానీ, ఆ బంగళాలో ఒక మనిషి కాపురం ఉంటాడని చాలామందికి తట్టలేదు. అందుకే "ఒక శెనక్కాయ రైతు, మాజీ శాసనసభ్యుడు, గవర్నరు పదవికి పోటీ చేశాడట" అంటే మా అనంతపురంలో ముందు నవ్వుతారు. తర్వాత "ఎన్నెకరాలు?" అని అడుగుతారు.

అమెరికాలో గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, ఓట్లడిగే ఆ కుర్చీ ఎక్కాలి. ఆ రైతు జిమ్మీ కార్టర్, తర్వాత అమెరికా అధ్యక్షుడైనవాడే. ఊరు ప్లెయిన్స్, రాష్ట్రం జార్జియా. నౌకాదళంలో అణు జలాంతర్గాముల పనిలో ఉండగా 1953లో తండ్రి పోయాడు. ఉద్యోగం వదిలేసి ఊరికొచ్చాడు. మరుసటేడే కరువు. ఇంతవరకు మనవాడే అనిపిస్తాడు. పొలం ఉంది, అబద్ధమాడకూడదు. దాంతోపాటు గోదాము కూడా ఉంది. చుట్టుపక్కల రైతులకు విత్తనక్కాయలూ ఎరువులూ అమ్మడం, వాళ్ల పంట తిరిగి కొనడం అక్కడే. మా వైపు ఆ పని చేసేవాణ్ని రైతు అనరు, షావుకారంటారు. అమెరికా వాళ్లది పెద్ద మనసు.

రాజకీయ ఓనమాలు మాత్రం శ్రద్ధగా దిద్దుకున్నాడు. 1962లో రాష్ట్ర సెనేట్‌కు నిలబడితే, జార్జ్‌టౌన్ అనే చిన్న ఊళ్లో జో హర్స్ట్ అనే నాయకుడు ఓటర్ల పక్కనే నిలబడి ఎవరికి వెయ్యాలో దగ్గరుండి చెప్పాడు. ఆ రోజు ఓటేసినవాళ్లు 333 మంది, పెట్టెలో దొరికిన ఓట్లు 420. ఈ అంకె నేను కల్పించింది కాదు, మన పాత శిక్షాస్మృతిలోని 420కీ దీనికీ చుట్టరికమూ లేదు. జాబితా తిరగేస్తే నూరు మందికి పైగా అక్షర క్రమం తప్పకుండా వరసగా వచ్చి ఓటేశారు. చనిపోయినవాళ్లు కూడా తమ అక్షరం వచ్చేదాకా ఓపిగ్గా నిలబడ్డారు. మన రాయలసీమ పోలింగ్ బూతుల్లో అన్నీ చూశాను కానీ, చచ్చినవాళ్లలో ఇంత క్రమశిక్షణ చూడలేదు. కార్టర్ కోర్టుకెక్కి, మళ్లీ ఓటింగ్ పెట్టించి గెలిచాడు.

1966లో గవర్నరుకు పోటీ చేసి, సొంత పార్టీ ప్రైమరీలోనే (పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే పోటీ) మూడోస్థానంలో ఆగిపోయాడు. చివరికి పీఠమెక్కింది లెస్టర్ మాడాక్స్. తన హోటల్ గడప నల్లవాళ్లు తొక్కకుండా గొడ్డలి కామలు చూపించి పేరు తెచ్చుకున్న ఘనుడు. కార్టర్ నిజాయితీకి అప్పులు మిగిలాయి.

అసలు సేద్యం 1970లో మొదలైంది. ప్రత్యర్థి కార్ల్ సాండర్స్, మాజీ గవర్నరు, చొక్కా చేతులకు మెరిసే బొత్తాలు. అందుకే ఆయనకు 'కఫ్‌లింక్స్ కార్ల్' అని పేరు పెట్టారు. టీవీ ప్రకటనలో ఒక క్లబ్బు తలుపు కనిపిస్తుంది. లోపల డబ్బున్నవాళ్లు పేకాడుతూ, తాగుతూ సాండర్స్‌కు చందాలు పోగుచేస్తున్నారని ఒక గొంతు చెబుతుంది. ఆ తలుపు మనకోసం తెరుచుకోదు. మనకోసం ఉన్నది పొలంబట్టల్లో కార్టర్. జలాంతర్గామి ఇంజనీరు ఆ ప్రకటనలో కనిపించడు. గోదాము యజమానీ కనిపించడు. మట్టంటిన చొక్కాకున్న మహత్యమే అది, వెనకున్నదేదీ బయటికి చూపించదు.

భార్యాభర్తలిద్దరూ కలిసి ఆరు లక్షల చేతులు కలిపామని లెక్క చెప్పుకున్నారు. ఆ చేతుల్లో తెల్లదొరతనం కావాలనేవాళ్ల చేతులూ ఉన్నాయి. వాళ్ల మనసు నొప్పించకుండా, జాతి విభజనకు జెండా పట్టిన జార్జ్ వాలెస్‌ను జార్జియాకు పిలుస్తానన్నాడు. సాండర్స్ మీద నల్ల బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు షాంపేన్ పోస్తున్న ఫొటో ఊళ్లలో చేతులు మారింది. ఎవరు పంచారంటే వేళ్లన్నీ కార్టర్ శిబిరం వైపే తిరిగాయి. రెండో విడత ప్రైమరీలో ఆయనకు దాదాపు 60 శాతం ఓట్లు.

1971 జనవరిలో ప్రమాణం చేసిన రోజునే, "జాతి వివక్షకు కాలం చెల్లింది" అని ప్రకటించాడు. 1974కల్లా మార్టిన్ లూథర్ కింగ్ చిత్రపటం శాసనసభ భవనంలోకి ఎక్కింది. ఎన్నికల్లో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే, అదే సభ ఏడేళ్ల కింద గొడ్డలి కామల మాడాక్స్‌ను గవర్నరుగా ఎన్నుకుంది.

ఓటేసినవాళ్లు నివ్వెరపోయారు. సంచి మీద ఒక రకం రాసుంది, మొలిచింది ఇంకో రకం. మా జిల్లాలో ఇలా జరిగితే రైతులు విత్తనాల షాపు ముందు బైఠాయిస్తారు. వ్యవసాయాధికారి వచ్చి ముందు బిల్లు అడుగుతాడు. నకిలీ విత్తనం నాటితే మేలురకం పంట రావడమనేది మాత్రం మా ప్రాంతంలో ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఎందుకంటే ఇంకా ఎవరికీ రాలేదు.