మా బావ దేశానికి నేను ఓటేశా

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో మా బావ మళ్లీ అదే టాపిక్ ఎత్తాడు, 2014లో స్కాట్లండ్ విడిపోవాలా వద్దా అన్న ఓటింగ్‌లో నాకు ఓటుండి ఆయనకి లేకపోవడం. పదేళ్లు దాటింది, ఇంకా వదల్లేదు మనిషి. అక్క వెనకాల గిన్నెలు సర్దుతూ "మొదలైంది, ఇంక నీ ఖర్మ" అని ఫోన్ ఆయన చేతిలో పెట్టి పోయింది. ప్రతిసారీ ఊఁ కొట్టేవాణ్ణి, ఈసారి ఊరుకోలేదు, గంటసేపు వాదించుకున్నాం, ఫోన్ పెట్టేశాక కూడా నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడ రాసి పడేస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఓపికుంటేనే చదవండి.

మా బావ స్కాట్లండ్ ఆయన. పుట్టింది పెరిగింది డండీలో. 2000లో మైనింగ్ ఉద్యోగానికని ఆస్ట్రేలియాలో పెర్త్‌కి వచ్చి అక్కడే ఉండిపోయాడు, మా అక్కని చేసుకున్నాడు. (డండీ దగ్గర్లోనే ఒక పెర్త్ ఉంది, "టికెట్ తీసేటప్పుడు పొరపాటైంది" అంటుంటాడు.) పెళ్లయిన కొత్తల్లో "బావ" అంటే వాళ్ల "మేట్" లాంటి మాటేమో అనుకుని ఏడాది పాటు నన్ను కూడా బావా బావా అని పిలిచాడు, ఎవరూ సరిదిద్దలేదు, వినడానికి బాగుంది కదా అని.

సంగతేంటంటే 2014 సెప్టెంబర్ 18న స్కాట్లండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని రెఫరెండం (జనాన్నే నేరుగా అడిగే ఓటింగ్) పెట్టారు. అప్పటికి నేను గ్లాస్గోలో ఎమ్మెస్సీ. ఖమ్మం నుంచి వెళ్లి పట్టుమని ఏడాది, వీసా ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది. నాకు ఓటుంది. తాత ముత్తాతలు డండీ జూట్ మిల్లుల్లో దుమ్ము మింగి పోయారు, వాళ్ల పేర్లు ఇప్పటికీ అక్కడ సమాధి రాళ్ల మీద ఉన్నాయి, అలాంటి మా బావకి లేదు.

రూల్ అలా పెట్టారు మరి. ఎక్కడ పుట్టావు అని కాదు, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నావు అని. స్కాట్లండ్‌లో అడ్రస్ ఉన్న బ్రిటిష్ వాళ్లు, ఐర్లండ్ వాళ్లు, యూరోపియన్ యూనియన్ వాళ్లు, కామన్వెల్త్ దేశాల వాళ్లు, అందరికీ ఓటు. ఇండియా కామన్వెల్త్ కాబట్టి నాకూ. పదహారేళ్లు నిండిన పిల్లలకీ ఇచ్చారు. బయట ఉన్న స్కాట్‌లకి మాత్రం లేదు, పక్కనే లండన్‌లో ఉన్నా సరే. జేమ్స్ బాండ్ షాన్ కానరీ ఏళ్ల తరబడి స్వాతంత్ర్యం కావాలన్నాడు, ఉండేది బహమాస్‌లో కాబట్టి ఓటు లేదు. టెన్నిస్ ఆండీ మర్రీ పోలింగ్ రోజు పొద్దున ఎస్ (అంటే విడిపోదాం) వైపు ట్వీట్ పెట్టి తిట్లు తిన్నాడు, ఇల్లు ఇంగ్లండ్‌లో కాబట్టి తిట్లే మిగిలాయి.

ఆగస్టులో, గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో మన కశ్యప్ బ్యాడ్మింటన్ గోల్డ్ కొట్టిన వారం, బావ ఫోన్ చేశాడు. కశ్యప్ గురించేమో అనుకున్నా. కాదు. "నాకోసం ఎస్ వెయ్యి, నా ఓటు అనుకునే వెయ్యి" అన్నాడు. అంత గంభీరమైన మనిషి, గొంతు అదోలా పెట్టి అడిగితే నాకేం చెప్పాలో తోచలేదు.

ఆయనకి తెలియనిదేంటంటే నేను అప్పటికే ఎస్ అని ఫిక్స్ అయిపోయా. స్వాతంత్ర్యం మీద ప్రేమతో కాదు, వీసా కోసం. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి ఇచ్చే పోస్ట్ స్టడీ వర్క్ వీసాని 2012లో లండన్ వాళ్లు (బ్రిటన్ ప్రభుత్వం) పీకేశారు. స్కాట్లండ్ ప్రభుత్వం 2013 నవంబర్‌లో ఒక వైట్ పేపర్ (విడిపోతే ఏమేం చేస్తామో చెప్పే పత్రం) వదిలింది, ఆరొందల పేజీల పైనే, అందులో మా ఫ్లాట్‌లో ఐదుగురం చదివింది ఒకటే ముక్క, విడిపోతే ఆ వీసా మళ్లీ తెస్తాం అని. అదే పేపర్‌లో స్వాతంత్ర్యం వచ్చే తేదీ కూడా ఉంది, 2016 మార్చి 24. నా వీసా అయిపోయేది 2015 జనవరిలో. ఈ కూడికా తీసివేత ఐదుగురు ఇంజినీర్లలో ఒక్కడికి తట్టలేదు చూడండి.

నేను వీకెండ్ పని చేసిన టేకవే (పార్సిల్ తిండి అమ్మే కొట్టు) ఓనర్ పంజాబీ పెద్దాయన, గ్లాస్గోలో ముప్పై ఏళ్ల నుంచి ఉన్నాడు, ఆయన నో. ఫిబ్రవరిలోనే లండన్ ఆర్థిక మంత్రి ఆస్బోర్న్ విడిపోతే మాతో పాటు పౌండ్ వాడుకోవడం కుదరదు అనేశాడు. "నా సరుకంతా ఇంగ్లండ్ నుంచి వస్తుంది, రేపు ఏ నోటు ఇచ్చి కొనాలో చెప్పమను ముందు" అని ఉల్లిపాయలు కోస్తూ రోజూ ఒకటే గొణుగుడు. బావ వాళ్లమ్మ కూడా నో, ఆవిడకి పింఛను భయం. కొడుకు పెర్త్ నుంచి రోజూ ఫోన్ చేసి నచ్చజెప్పేవాడు, ఆవిడ ఎందుకొచ్చిన గొడవని వాతావరణం గురించి మాట్లాడేది.

పోలింగ్ మా వీధి చివర ప్రైమరీ స్కూల్లో. గోడ నిండా పిల్లలు గీసిన డైనోసార్లు. ఐడీ అడగలేదు, పేరూ అడ్రసూ చెప్తే లిస్టులో స్కేలు పెట్టి గీత కొట్టి కాగితం ఇచ్చారు. స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలా, ఎస్, నో, అంతే. గుర్తుల్లేవు, పార్టీల్లేవు, దారం కట్టిన పెన్సిల్ ముక్క ఒకటి. నా ముందు స్కూల్ యూనిఫామ్‌లో ఒక అమ్మాయి, టై కూడా విప్పలేదు, అట్నుంచి అటే బడికి పోతుంది కాబోలు, బూత్‌లో చాలాసేపు నిలబడింది. నాకు పది సెకన్లు కూడా పట్టలేదు. బయటికొచ్చి అలవాటు కొద్దీ వేలు చూసుకున్నా, ఇంకు లేదు.

రాత్రంతా టీవీ ముందే. ఫస్ట్ రిజల్ట్ నో, తర్వాతిదీ నో. తెల్లారుజామున డండీ ఎస్ అంది, 57 శాతం, బావ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, మాటల్లేవు, వాళ్ల ఊరి పేరొక్కటే. గ్లాస్గో కూడా ఎస్ అంది, కానీ అప్పటికే తేలిపోయింది. మొత్తం మీద నో 55.3 శాతం, ఎస్ 44.7. ఓటింగ్ 84.6 శాతం అంటే నూటికి దాదాపు ఎనభై ఐదు మంది వచ్చి వేశారు, మన హైదరాబాద్‌లో సెలవిచ్చినా రారు. పెర్త్‌లో అప్పటికి మధ్యాహ్నం, "లీవ్ పెట్టి కూర్చున్నాడు, అన్నం తినలేదు" అని అక్క మెసేజ్.

బావ పాయింట్ ఏంటంటే "నా దేశం సంగతి తేల్చేటప్పుడు నన్ను అడగలేదు". బాధ నాకు అర్థమవుతుంది. కానీ మొన్న నేను మా అమ్మమ్మ సంగతి ఎత్తా. మా అమ్మమ్మది కూనవరం, శబరి గోదావరిలో కలిసే చోటు. అదే 2014లో రాష్ట్రం విడిపోయేటప్పుడు (దాని మీద ఇప్పుడు కొట్టుకోవద్దు, వేరే పోస్టు) పోలవరం ముంపు అని ఖమ్మం జిల్లాలో ఏడు మండలాలు తీసి ఆంధ్రలో కలిపారు. మే నెలాఖర్లో ఆర్డినెన్సు, జులైలో పార్లమెంటు, అయిపోయింది. ఆవిడ ఖమ్మం జిల్లాలో ఉండేది, తర్వాత తూర్పు గోదావరి అన్నారు, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నారు. ఇల్లు మాత్రం అదే ఇల్లు. దారం కట్టిన పెన్సిల్ ముక్క ఆవిడ చేతికి ఎవరూ ఇవ్వలేదు.

బావ వెంటనే "చూశావా, నా కేసూ అదే" అన్నాడు. అక్కడే నాకు కాలింది. అదెలా అవుతుంది బావా? ఆవిడకి ఒంట్లో బాగోకపోతే వెళ్లేది భద్రాచలం, అది ఇప్పుడు వేరే రాష్ట్రం. రేషన్ కార్డు మారింది, కలెక్టరాఫీసు మారింది. నీకు పెర్త్‌లో ఏం మారేది, పౌండ్ పోయినా నీ జీతం డాలర్లలోనే కదా, టేకవే పెద్దాయన ఉల్లిపాయలు ఏ నోటుతో కొనాలో నువ్వు చెప్తావా? స్కాట్లండ్ నీకు ప్రాణమే, కాదనను, కానీ ఆ వానలో బస్సు కోసం నిలబడేది నువ్వు కాదు. ఈ మాట నీ ఒక్కడికే కాదు, డాలస్‌లో కూర్చుని అమరావతి మీద తీర్పులిచ్చే మా బాబాయిలకి కూడా, గ్లాస్గో ఫ్లాట్‌లో మ్యాగీ తింటూ రాష్ట్రం గురించి గొంతు చించుకున్న నాక్కూడా.

ఆయన తక్కువోడా, "మరి నాలుగు నెలల్లో పెట్టె సర్దుకునేవాడివి, నువ్వెందుకు వేశావు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. నిజంగానే లేదు. రూల్ కరెక్టే అంటాను, ఆ రూల్‌లో అందరికన్నా అన్యాయంగా లాభపడింది నేనే అని కూడా ఒప్పుకుంటాను. అటూ ఇటూ తేడా మూడు లక్షల ఎనభై వేల పైచిలుకు, నా ఒక్కడితో పోయేదేం లేదు అని సర్దిచెప్పుకోవడం తప్ప.

తర్వాత సంగతులు మీకు తెలిసినవే. చమురు డబ్బుతో బతికేస్తాం అన్నారు ఎస్ వాళ్లు, ఆ వేసవిలో బ్యారెల్ వంద డాలర్ల పైన ఉన్నది జనవరికి యాభై కిందకి పడింది, టేకవే పెద్దాయన గెలిచాడు. నో వేస్తేనే యూరోపియన్ యూనియన్‌లో ఉంటారు అని నో వాళ్లు చెప్పారు, 2016లో బ్రెగ్జిట్ ఓటింగ్ (ఆ యూనియన్‌లో బ్రిటన్ ఉండాలా వద్దా అని) వచ్చింది, స్కాట్లండ్‌లో 62 శాతం ఉందామన్నా మిగతా బ్రిటన్ ఓటు దాన్ని కూడా బయటికి లాగేసింది, బావ గెలిచాడు. ఆ ఓటు కూడా ఆయనకి లేదు, దేశం వదిలి పదిహేనేళ్లు దాటితే ఓటు ఇచ్చేది లేదన్నారు. నేను ఎగబడి ఎస్ వేసిన ఆ వీసాని 2021లో లండన్ వాళ్లే వేరే పేరుతో మళ్లీ తెచ్చారు, అప్పటికి నేను గచ్చిబౌలిలో ట్రాఫిక్‌లో ఉన్నా.

ఇంకా తమాషా ఏంటంటే 2024 జనవరిలో ఆ పదిహేనేళ్ల రూల్ తీసేశారు. ఇప్పుడు మా బావకి లండన్ పార్లమెంటుకి ఓటుంది, ఎడింబరోలో వాళ్ల సొంత పార్లమెంటుకి లేదు. అంటే వద్దన్నదానికి ఉంది, కావాలన్నదానికి లేదు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి. మళ్లీ రెఫరెండం పెడితే ఆరు నెలల ముందే డండీలో ఇల్లు తీసుకుని దిగుతాడట. లండన్ ఒప్పుకోకుండా పెట్టడం కుదరదని 2022లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చేసిందిగా అంటే వినడు. వంటింట్లోంచి అక్క "నువ్వెళ్లు, ఆ చలికి నేనూ పిల్లలూ రాము" అని తెలుగులో అరిచింది, ఆయనకి అర్థమైంది కూడా.

పెట్టేసే ముందు ఒక ప్రశ్న వేశాడు, అడిగి ఉంటే మీ అమ్మమ్మ ఎటు వేసేది అని. ఇన్నేళ్లలో నాకు ఆవిణ్ణి అడగాలని తట్టనే లేదు. మర్నాడు ఫోన్ చేసి అడిగా. ఆవిడకి ఎనభై దాటింది, సగం వినపడదు, రెండుసార్లు చెప్పించుకుని "పింఛను ఎవరు ఎక్కువిస్తామన్నారు?" అంది.

బావకి మెసేజ్ పెట్టా. చాలాసేపటికి రిప్లై వచ్చింది, "మా అమ్మ కూడా ఇదే అడిగింది" అని.