గాల్లో బిగించిన బుష్‌లు

మన గోదావరి జిల్లాల మెకానిక్ షెడ్లలో భూమ్యాకర్షణ శక్తిని ఎప్పుడో రద్దు చేశారండీ. జీవో నంబరు నాకు దొరకలేదు గానీ అమలు మాత్రం బ్రహ్మాండంగా జరుగుతోంది. నమ్మకం లేకపోతే రావులపాలెం నుంచి అమలాపురం దాకా రోడ్డు పక్కన ఏదో ఒక షెడ్డులోకి తొంగిచూడండి. ఓ థార్ జీపు ముందు చక్రాలు రెండూ గాల్లో వేలాడుతుంటాయి, చక్రాల్ని బండి ఛాసీకి (చట్రానికి) కలిపే లోయర్ ఆర్ముల్లోకి కొత్త బుష్‌లు ఎక్కేసి ఉంటాయి, మేస్త్రీగారు బోల్టులు బిగించే గన్ పట్టుకుని బోల్టుని టకటకటక బిగిస్తుంటారు. అది ఇంక తిరగనని మొరాయించాక కూడా ఎందుకైనా మంచిదని ఇంకో రెండు టకటకలు. ఆ తర్వాత బండి కిందికి దిగుతుంది. ఆ దిగడంతోనే బుష్ ఆయుష్షు సగం పోయింది, బిల్లు మాత్రం పూర్తిగా వచ్చింది.

బుష్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. లోపల ఓ ఇనప గొట్టం, బయట ఓ ఇనప గొట్టం, మధ్యలో ఆ రెంటికీ అతుక్కుపోయిన రబ్బరు. బయటి గొట్టం ఆర్ములో ఇరుక్కుని ఉంటుంది, లోపలి గొట్టాన్ని బోల్టు ఛాసీకి కదలకుండా పట్టేస్తుంది. చక్రం గోతిలో పడి లేచినప్పుడల్లా మధ్యలో రబ్బరు కాస్త మెలి తిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఆ యథాస్థితి ఏదయ్యా అంటే, బోల్టు బిగించేటప్పుడు ఆర్ము ఎక్కడుంటే అదే. వేలాడుతుండగా బిగిస్తే వేలాడటమే తన ఉద్యోగం అనుకుంటుంది పాపం. ఇక బండి నేల మీద నిలబడ్డంతసేపూ, మీరు భోంచేసి పడుకున్నప్పుడు కూడా, అది మెలిపడే ఉంటుంది. దాని మీద మన రోడ్ల గోతులు అదనం. చిరక్క ఏం చేస్తుంది? అందుకే సర్వీసు మాన్యువల్లో బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు, అదీ ఇంత టార్క్‌తో, అంటే ఇంత తిప్పే బలంతో అని అచ్చేసి మరీ ఇస్తారు. పాత థార్ వెనకా, జిప్సీకి ముందూ వెనకా ఉండే కమాన్ పట్టీల రబ్బరు బుష్‌లకీ ఇదే సంగతి.

సరే, మేస్త్రీలు మారరు. కాబట్టి రోడ్లే మారాలని నా విన్నపం. గాల్లో బిగించిన బుష్ గాల్లోనే సుఖంగా ఉంటుంది గనక రావులపాలెం నుంచి అంతర్వేది దాకా స్తంభాలు పాతి ఇనప తాడు లాగించి, డెల్టాలో ఉన్న థార్లనీ, జిప్సీలనీ, బొలెరోలనీ దానికి తగిలించేస్తే సరిపోతుంది. చక్రాలు హాయిగా కిందికి వేలాడతాయి, రబ్బరుకి మెలి ఉండదు. కొబ్బరి చెట్ల తలల మీదుగా బండ్లు వరసగా పోతుంటే దింపు తీసే మనిషి మట్ట మీంచే "ఆయ్, ఎక్కడికండీ బాబుగారూ" అని పలకరించి అద్దంలోంచి ఓ బోండాం అందిస్తాడు. వశిష్ఠ మీద పడవవాళ్లు తలెత్తి చూస్తారు. ఎదురుగా ఇంకో బండి వస్తే పక్కకి తప్పుకునే ప్రసక్తే లేదు గనక మనవాళ్లు డిమ్ము కొట్టకుండా ఎనిమిది లైట్లూ వేసుకుని, అరగంటసేపు హారన్ మోగించుకుని, ఆ తర్వాత చుట్టరికాలు తెలిసి నవ్వుకుంటారు. సంక్రాంతికి పుంజుని ఒళ్లో పెట్టుకుని తాడు మీద వేలాడుతూ బరి దగ్గరికి చేరొచ్చు. కోటిపల్లి - నరసాపురం రైలు కోసం ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాం కదా, ఈలోగా ఇదైనా వేయించండి. ప్రారంభోత్సవానికి వచ్చే నాయకుణ్ణి కూడా ఓ కొక్కేనికి తగిలిస్తే ఏకవాక్య తీర్మానంతో పాసైపోతుంది.

ఇక ఊడదీసే ఘట్టం. అంతర్వేది దగ్గర సముద్రపు నీళ్లలోకి దింపి వీడియోలు తీయించుకున్న బండికి ఉప్పు పట్టి బోల్టు లోపలి గొట్టానికి కరుచుకుపోతుంది. పదండి, గ్యాస్ వెలిగించండి! రబ్బరు భగ్గున అంటుకుని నల్లటి పొగ, వాసన, పక్క టీకొట్టు వాడి శాపనార్థాలు. కొత్తది ఎక్కించడానికి లేత్ షాపులో ప్రెస్ ఉంటుంది, నిమిషాల్లో వంకర లేకుండా నొక్కి ఇస్తాడు. ఎందుకండీ? సమ్మెట ఉంది కదా. జారడానికి సబ్బు నీళ్లు చాలు, కానీ మనవాడు కాలిన ఆయిల్లో ముంచుతాడు, ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుందని ఎవరైనా చెబితే "ఇరవయ్యేళ్ల సర్వీసండీ" అంటాడు. ఇరవయ్యేళ్లుగా ఎన్ని బుష్‌లు చంపాడో ఎవరు లెక్క పెట్టారు? రబ్బరు బదులు పాలీయురెథేన్ ఉండే పాలీ బుష్ వేయించాం, మాకా బాధ లేదనే బాపతు కూడా ఉన్నారు. లోపలి గొట్టం అందులో స్వేచ్ఛగా తిరుగుతుంది గనక మెలి బాధ వాళ్లకి నిజంగానే లేదు. కాకపోతే సిలికాన్ గ్రీజు లేకుండా పొడిగా బిగించుకుని, ఊరంతా వినపడేలా కిర్రుకిర్రుమంటూ తిరుగుతారు.

ఇంతవరకూ నవ్వుకుందాం, ఫర్వాలేదు. కానీ ఆ బండి కింద ఓ కుర్రాడు వెల్లకిలా పడుకుని ఉంటాడే, మీసం కూడా రాని వాడు, వాణ్ణి చూశారా? పైన టన్నున్నర పైమాటే ఉన్న బండి. కింద ఒకే ఒక్క జాకీ. మనది ఒండ్రు నేల, వాన పడితే చాలు జాకీ కింద పెట్టిన చెక్క ఓ పక్కకి కుంగుతుంది, నేను కళ్లారా చూస్తుండగానే కుంగింది. ఎత్తిన బండిని కదలకుండా మోసే స్టాండ్లేవయ్యా అంటే కొబ్బరి దుంగ చూపించారు. పక్కన కుర్చీలో కూర్చున్న ఓనరు ఫోన్లో లైట్ బార్ ధర చూసుకుంటున్నాడు. లైట్లకి వేలు, టైర్లకి లక్షలు, రెండు స్టాండ్లు ఉన్న షెడ్డు వెతుక్కోవడానికి మాత్రం టైము లేదు! సిగ్గులేదా మీకు? బుష్ పోతే ఇంకోటి కొంటారు. ఆ పిల్లాడి ఛాతీ మీదకి బండి దిగితే వాళ్లమ్మకి ఏ స్పేర్ పార్టుల షాపు చూపిస్తారు? "జాగ్రత్తరా" అని ఓ మాట పారేస్తే సరిపోయిందా? లాగండి వాణ్ణి బయటికి. బడి ఈడు పిల్లాడికి అసలు ఆ షెడ్డులో పనేంటి?

చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉండగా చెయ్యాలంటే గొయ్యి ఉన్న షెడ్డో, బండి చక్రాల మీదే నిలబడే ర్యాంపో కావాలి. అప్పుడు ఆ బిగింపుకి జాకీతో పనుండదు, జాకీ మీదున్న బండి కింద ఎవడూ దూరాల్సిన పనీ ఉండదు. చేతనైనంత మర్యాదగా మేస్త్రీగారితో ఇదే చెప్పాను: నట్లు పైపైన పెట్టి వదిలెయ్యండి, కిందికి దించండి, బండిని నాలుగుసార్లు ఊపండి, అప్పుడు టార్క్ రెంచితో బిగించండి అని.

"ఆయ్, అలాగేనండీ," అన్నారాయన, గన్ ఆపకుండానే.