జిరాక్స్ సెంటర్ మూతపడితే బాధ్యత ఎవరిది?

ఈ మధ్య మా దిక్కు యూనివర్సిటీల్లో ఒక ప్రమాదకరమైన అలవాటు మొదలైంది. లైబ్రరీ వాళ్లు వర్క్‌షాపులు పెడుతున్నారు. పెట్టడం తప్పని నేననను. జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పి, ముఖ్య అతిథి "గ్రంథాలయం విశ్వవిద్యాలయానికి గుండెకాయ" అని సెలవిచ్చి, గ్రూప్ ఫొటో దిగి, పులిహోర తిని వెళ్లిపోతే ఎవరికీ ఏ నష్టమూ లేదు. కానీ కొందరు లైబ్రేరియన్లు అంతటితో ఆగడం లేదు. పరిశోధన ఎట్లా చేయాలో, పేపర్ ఎక్కడ వేయాలో, కాపీరైట్ అంటే ఏమిటో, మ్యాప్ ఎట్లా గీయాలో నిజంగానే నేర్పుతామంటున్నారు. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల ప్రయోజనాల దృష్ట్యా దీన్ని ఖండించక తప్పదు.

ముందు ఉపాధి సంగతి చూద్దాం. ఏ యూనివర్సిటీ గేటు ముందు నిలబడ్డా ఎదురుగా ఒక డీటీపీ, జిరాక్స్ సెంటర్ కనిపిస్తుంది. బోర్డు మీద థీసిస్ టైపింగ్, స్పైరల్, బంగారు అక్షరాల బైండింగ్ అని ఉంటుంది. బోర్డు మీద లేనివి లోపలికెళ్లి అడగాలి. ఊరికి పోకుండానే నింపిన ప్రశ్నావళులు, వాటికి శాతాల పట్టికలు, పోయినేడు పీహెచ్‌డీ వచ్చినాయన సాఫ్ట్ కాపీ, అన్నీ ఉంటాయి. స్కాలర్‌కు గైడ్ దొరకని రోజు ఉంటుంది గానీ ఈ అన్న దొరకని రోజు ఉండదు. దేశంలోని థీసిస్‌లన్నీ ఒకచోట చేర్చడానికి ప్రభుత్వం శోధ్‌గంగ అని పెట్టింది. మా అన్న కంప్యూటర్లో డీ డ్రైవ్ తెరిచి చూడండి, దాన్ని మించిన గంగ పారుతుంటుంది.

ఇక్కడ చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తీసేసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు తయారుచేసి దానికి మా ఊరి పేరే పెట్టారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటుంది. పుస్తకాలకెక్కని రెండో నల్లగొండ టెక్నిక్ ఒకటుంది. ఇందులో ఫ్లోరైడ్‌ను అట్లాగే ఉంచి మండలం పేరు తీసేస్తారు. మునుగోడు తీసి మర్రిగూడ పెడితే కొత్త థీసిస్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న వాక్యం ఎన్ని చేతులు మారినా చెక్కుచెదరదు. పాలమూరులో ఇదే పద్ధతిని వలసల మీద వాడతారు. కూలీ ముంబై పోయొచ్చిన దానికంటే ఎక్కువసార్లు ఆ కూలీ గురించిన అధ్యాయం పోయొచ్చింది.

ఇప్పుడు లైబ్రరీ మేడం వచ్చి, యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్లో వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం దాటితే తిరగరాయాలి, 40 దాటితే ఏడాది పాటు థీసిస్ ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు అని తెర మీద చూపిస్తుంది. హాల్లో సగం మందికి చెమటలు. తెలుగు స్కాలర్లు మాత్రం నిమ్మళంగా కూర్చుంటారు. ఎందుకో నాకూ మొదట అర్థం కాలేదు. డీటీపీ అన్న చెప్పాడు:

"మీరేం టెన్షన్ పెట్టుకోకుండ్రి సార్. మనది అను ఫాంట్ల కొట్టిచ్చినం. ఆ సాఫ్ట్‌వేర్ తాతకు గూడ దొరకదు."

నిజమే. ఏ కంప్యూటరైనా చదవగలిగే యూనికోడ్ పద్ధతి కాని ఆ ఫాంట్లో టైపు చేసింది మన కంటికి చక్కటి తెలుగు, సాఫ్ట్‌వేర్ కంటికి పిచ్చి గీతలు. రెండు థీసిస్‌లు ఒకటే అని అది ఏ జన్మలో పట్టుకుంటుంది? ఆ థీసిస్‌ను తర్వాత ఎవరైనా వెతికితే కూడా దొరకదనుకోండి. కానీ వెతికేవాడుంటే కదా. ఇట్లాంటి పటిష్ఠమైన ఏర్పాటును చెడగొట్టి, "అందరూ యూనికోడ్‌లోనే ఇవ్వాలి" అని మేడం ఉచిత సలహా ఇస్తే గేటు ముందు కుటుంబాల గతేం కావాలి?

పబ్లిషింగ్ సంగతి మరీ అన్యాయం. పీహెచ్‌డీ సమర్పించాలంటే జర్నల్లో పేపర్ ఉండి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లో ఎత్తేసింది. మంచి జర్నళ్ల జాబితా అంటూ నడిపిన కేర్‌ను కూడా 2025 ఫిబ్రవరిలో పక్కన పెట్టింది. అయినా మనవాళ్లు ప్రమోషన్ కోసమో పరువు కోసమో వేస్తూనే ఉన్నారు. పేరులో "ఇంటర్నేషనల్" ఉండాలి, ఐఎస్ఎస్ఎన్ ఉండాలి, మూడు రోజుల్లో రావాలి. ఐఎస్ఎస్ఎన్ అనేది పత్రికకు ఇచ్చే నంబరే తప్ప యోగ్యతకు గుర్తు కాదని వర్క్‌షాపులో చెప్తున్నారట. బండికి నంబర్ ప్లేటు ఉన్నంత మాత్రాన బ్రేకులున్నట్టా అని ఒక మేడం అడిగిందని విన్నాను. ఇంత కటువుగా మాట్లాడటం మంచిది కాదు. రాసింది మనం, హక్కులు రాసిచ్చింది మనం, ఫోన్‌పే కొట్టింది కూడా మనమే. మధ్యలో మేడంకు నొప్పేమిటి?

కేంద్రం 6,000 కోట్లు పెట్టి 2025 జనవరి నుంచి దాదాపు 13,000 జర్నళ్లను ప్రభుత్వ విద్యాసంస్థల్లో అందరూ చదివేటట్టు చేసింది. ఒకే దేశం, ఒకే చందా అన్నారు. చదవడం మొదలుపెడితే రాసేదెప్పుడు?

కాపీరైట్ గురించి ఎక్కువ చెప్పను. రచయిత పోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుందని తెలిసి ఒక స్కాలర్ నాతో, "అయితే బతికున్నవాళ్లది వాడుకోవచ్చు కదా సార్" అన్నాడు. 2016లో ఢిల్లీ హైకోర్టు, పాఠాల కోసం పుస్తకాల్లోని భాగాలు జిరాక్స్ తీసిచ్చిన షాపు వైపు తీర్పిచ్చింది. మేడం ఆ మాట చెప్పిన సాయంత్రమే మొత్తం పుస్తకానికి ఆర్డర్లు పెరిగాయి. వర్క్‌షాపు వల్ల జరిగిన ఏకైక మేలు అదే.

అన్నిటికంటే భయపెట్టేది మ్యాపింగ్. ఇన్నేళ్లూ స్టడీ ఏరియా అంటే పాత జిల్లా పటం జిరాక్స్ తీసి, మన మండలం మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టడం. 2016 అక్టోబర్లో జిల్లాలు ముక్కలయ్యాయి, పటం కాలేదు. మహబూబ్‌నగర్ జిల్లా అని టైటిల్ పెట్టుకున్న మక్తల్ స్కాలర్, 2019 ఫిబ్రవరిలో తెల్లారి లేచేసరికి నారాయణపేట జిల్లావాడయ్యాడు. ఉపగ్రహ చిత్రాలను అందుకునే కేంద్రం షాద్‌నగర్‌లో, పాత పాలమూరు గడ్డ మీదే ఉంది. ఆ షాద్‌నగర్ కూడా రంగారెడ్డిలోకి పోయింది, అది వేరే బాధ.

ఇప్పుడు క్యూజీఐఎస్ అనే మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ నేర్పుతామంటున్నారు. అందులో పటాన్ని దాచే షేప్‌ఫైల్ అంటే ఒక ఫైల్ కాదు, కనీసం మూడు. మేడం మూడూ గ్రూపులో పెడితే మనవాళ్లు ఒక్కటే దింపుకుంటారు, ఎర్రర్ వస్తే మేడం వైపు చూస్తారు. అది దాటాక అక్షాంశం, రేఖాంశం కాలమ్‌లు. మహబూబ్‌నగర్ సుమారు 16.7 ఉత్తరం, 78 తూర్పు. రెండూ తారుమారు చేస్తే ఊరు 78 ఉత్తరానికి ఎగిరి, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో ఎలుగుబంట్ల మధ్య పడుతుంది. పాలమూరు కూలీ పోని చోటు లేదంటారు, ఆ ఒక్క లోటూ తీరింది. అక్కడ మనవాళ్లకు తోడు కూడా ఉంది. పాలమూరు యూనివర్సిటీ పుట్టిన 2008లోనే భారత ప్రభుత్వం అదే దీవుల్లో హిమాద్రి అనే పరిశోధన కేంద్రం తెరిచింది. అంటే ఆ తప్పు మ్యాపు దూరదృష్టితో వేసిందేమో, ఎవరు చెప్పొచ్చారు.

అయినా నేను అనవసరంగా భయపడుతున్నాను. స్కాలర్లు హాజరు సంతకం పెట్టి గైడ్ ఇంటి పని మీద పోయారు. కుర్చీలు ఖాళీగా ఉంటే ఫొటో బాగుండదని రీడింగ్ రూంలోని గ్రూప్-2 పిల్లల్ని తోలుకొచ్చి కూర్చోబెట్టారు. ఒకబ్బాయి చెయ్యెత్తి "మేడం, ఇది సిలబస్‌ల ఉన్నదా?" అనడిగాడు. లేదంది. పెన్ను జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం అందరికీ సర్టిఫికెట్లు, ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఇచ్చారు. సూచనలు అన్నచోట ముందు వరసాయన ఏదో రాశాడు, ఫారం వెనక్కి పోయింది. తీరా చూస్తే అన్నిట్లో ఒకటే వాక్యం: "మధ్యాహ్నం పెరుగు సరిపోలేదు." పోలిక 100 శాతం.