సైకిల్ దిగి పార పట్టుకుంటామంటే కాదనడమెందుకు?

హైదరాబాద్ చుట్టుపక్కల అడవులకు నిప్పంటుకునేది ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే దాకా. మంట పెద్దదైతే జిల్లా పేజీలో ఒక ఫొటో వస్తుంది: పొగలో ఇద్దరు ముగ్గురు ఫారెస్టు సిబ్బంది, చేతుల్లో పచ్చి మండలు. మర్నాటికి అది పాత వార్త. ఆ తర్వాత కాలిన కొండ ఏమైందని అడిగే నాథుడుండడు. జూన్‌లో నాలుగు చినుకులు పడి చిగుళ్ళు కనిపించగానే అంతా సర్దుకుందనుకుంటాం.

లాస్ ఏంజెలిస్‌ను ఆనుకుని ఉన్న శాన్ గేబ్రియల్ కొండల్లో సైకిల్ తొక్కే క్లబ్బులకు మాత్రం మంట ఆరాకే పని మొదలవుతుంది. 2009 ఆగస్టులో స్టేషన్ ఫైర్ అనే కార్చిచ్చు అక్కడ 1,60,000 ఎకరాలకు పైగా కాల్చేసింది. ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. ఆ కొండల్లో ఎంతో పేరున్న గేబ్రియలీనో ట్రైల్ తిరిగి పూర్తిగా తెరుచుకునేసరికి 2018 వచ్చింది. అంటే దాదాపు 9 ఏళ్ళు. ఆ పనిలో చేతులు పెట్టినవాళ్ళలో మౌంట్ విల్సన్ బైసికిలింగ్ అసోసియేషన్ లాంటి మౌంటెన్ బైక్ సంఘాల వలంటీర్లు ఉన్నారు. సెలవు రోజున సైకిల్ ఎక్కాల్సినవాళ్ళు పారలు, రంపాలు భుజాన వేసుకుని కొండెక్కారు.

ఒక కాలిబాటకు 9 ఏళ్ళా అనిపించడం సహజం. నిప్పు కంటే ఆ తర్వాత వచ్చే నీటితోనే బాటకు అసలు ముప్పు. అక్కడి పొదల ఆకుల్లో మైనం లాంటి పదార్థాలుంటాయి. మంటకు అవి ఆవిరై మట్టిలోకి దిగి, చల్లగా ఉన్న పొరలో గడ్డకడతాయి. కాలిన చోట బూడిద పక్కకు నెట్టి దోసెడు నీళ్ళు పోస్తే ఇంకవు, బొట్లు బొట్లుగా దొర్లిపోతాయి. వేలితో గీకి చూస్తే కింద మట్టి పొడిపొడిగానే ఉంటుంది. వాన పడితే కొండ మొత్తం ఇదే పరిస్థితి. ఇంకని నీరంతా పల్లం వెతుక్కుంటుంది. కొండ వాలు మీద తయారుగా ఉన్న పల్లం ఏది? మనిషి చేసిన బాటే. ఒక్క గట్టి వానకు అది కాలువగా మారిపోతుంది. స్టేషన్ ఫైర్ తర్వాతి ఫిబ్రవరిలో ఆ కొండల కిందున్న లా కన్యాడా ఊరి మీదికి రాళ్ళూ బురదా కొట్టుకొచ్చి పదుల ఇళ్ళు దెబ్బతిన్నాయి.

పైకి కనిపించని గండాలు వేరే ఉన్నాయి. మొద్దుల వేర్లు భూమిలోపల రోజుల తరబడి రగిలి బొరియలవుతాయి. పైన బూడిద పరుచుకుని గట్టినేలలాగే ఉంటుంది, కాలు వేస్తే మోకాలిదాకా దిగబడుతుంది. నిలువునా మాడిన చెట్లు గాలి లేకపోయినా కూలతాయి. ఇక పూడిల్ డాగ్ బుష్ అనే మొక్క సంగతి వింటే మనకు దూలగొండి గుర్తుకొస్తుంది. దాని విత్తనాలు ఏళ్ళ తరబడి మట్టిలో పడి ఉండి, అడవి కాలిన తర్వాతే మొలకెత్తుతాయి. ఊదారంగు పూలతో చూడముచ్చటగా ఉంటుంది. తగిలితే వెంటనే ఏమీ తెలియదు, ఒకటి రెండు రోజులకు ఒళ్ళంతా దద్దుర్లు, బొబ్బలు. స్టేషన్ ఫైర్ తర్వాత అది బాటల నిండా పెరిగింది. వలంటీర్లకు చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కాలు తప్పలేదు.

ఇంత కష్టంలోనూ వాళ్ళు చేసే పని చూస్తే ఆశ్చర్యంగా మామూలు పని. బాటను లోయ వైపుకి కాస్త వాల్చాలి, పడ్డ నీరు బాట వెంట పరుగెత్తకుండా అడ్డంగా దాటి కిందికి జారిపోవడానికి. కొంత కొంత దూరానికి బాట ఒకసారి దిగి మళ్ళీ ఎక్కేలా తవ్వాలి, ఆ దిగుడులో నీరు బయటపడుతుంది. బాట ఏటవాలు కొండ ఏటవాలులో సగం మించకూడదని వాళ్ళకొక లెక్క ఉంది. కొండ నూటికి 20 చొప్పున దిగుతుంటే బాట నూటికి 10 లోపే దిగాలి. అంతకు మించితే చక్రాలు వేసిన గాడిలోనే వరద పారుతుంది. పొలం గట్టు వేసిన రైతుకు ఇందులో కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు.

పనిముట్లను గమనిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. బాట పనిలో అక్కడ ఎక్కువగా వాడే పులాస్కీకి ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు తవ్వే అంచు. 1910లో అమెరికా వాయవ్య అడవుల్లో చెలరేగిన మహా కార్చిచ్చులో తన మనుషుల్ని గని సొరంగంలోకి తీసుకెళ్ళి కాపాడిన ఎడ్ పులాస్కీ అనే అటవీ రేంజర్ పేరు దానికి పెట్టారు. మంటకు అడ్డంగా గడ్డీ గాదం గీకి ఖాళీ గీత తీయడానికి పుట్టిన పనిముట్టు అది. అదే ఇప్పుడు సైకిల్ బాట చెక్కుతోంది. అడుగు వెడల్పున మట్టి తేలిన బాటకీ, మంటను ఆపడానికి తీసే ఫైర్ లైన్‌కీ పని ఒకటే, కొలతలే తేడా. ఆకుల మంటను ఒక్క బాట ఆపలేకపోయినా, దాన్ని ఆర్పే మనుషులు లోపలికి వెళ్ళడానికి దారి అదే.

సైకిల్ వాళ్ళు ఇంత శ్రమ పడేది వట్టి సేవాభావంతోనే అనుకుంటే పొరపాటు. 1980ల్లో మౌంటెన్ బైకులు కొత్తగా వచ్చినప్పుడు కాలిఫోర్నియాలో నడిచేవాళ్ళూ, గుర్రాల వాళ్ళూ వాటిని దండయాత్రలాగే చూశారు. చాలాచోట్ల బాటల మీద సైకిళ్ళు నిషేధించారు. 1964 చట్టం కింద నిర్జనారణ్యంగా ప్రకటించిన భాగాల్లోకి ఇప్పటికీ సైకిల్ వెళ్ళకూడదు. ఆ పరిస్థితుల్లో ఈ క్లబ్బులు పట్టిన దారి పని చేసి మాట్లాడే హక్కు సంపాదించుకోవడం. అటవీ శాఖతో వలంటీర్ ఒప్పందం, రంపం పట్టేవాళ్ళకు శిక్షణ, పనిచేసిన గంటల లెక్క. ఏ బాట తెరవాలి, ఏది మూయాలి అని మాట్లాడేటప్పుడు ఆ గంటలకు విలువ ఉంటుంది. ఇందులో స్వార్థం ఉంది. ఉండనివ్వండి, స్వార్థం ఉన్నవాడే వచ్చే ఆదివారం కూడా వస్తాడు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. హైదరాబాద్‌లో తొక్కేవాళ్ళకు కొదవ లేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. కొత్తగూడలో పాలపిట్ట సైక్లింగ్ పార్కు ఉంది. ఇవన్నీ నున్నటి దారులు. మట్టి బాట కావాలనుకునేవాళ్ళు తెల్లారకముందే కారు వెనక సైకిళ్ళు కట్టుకుని గండిపేట, చిలుకూరు, శంకర్‌పల్లి మీదుగా వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్తారు. రాళ్ళు, సీతాఫలం పొదలు, టేకు ఆకుల చప్పుడు, మార్చిలో ఎర్రగా విరగబూసిన మోదుగ. అయితే ఆ బాటలకు యజమాని అటవీ శాఖ. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరమే. కాబట్టి చాలా చోట్ల వ్యవహారం చూసీచూడనట్టు నడుస్తుంది. అడవిలో ఆ భాగం చూసుకునే బీట్ ఆఫీసర్ మంచి మూడ్‌లో ఉంటే నవ్వి వదిలేస్తాడు, లేకపోతే "సారూ, ఈడ సైకిళ్ళు బంద్, మర్రుండ్రి" అంటాడు. రెండింట్లో ఏది జరిగినా వీళ్ళు అక్కడ దొంగచాటు మనుషులే. బాట పాడైతే బాగుచేసే బాధ్యతా లేదు, చేసే అధికారమూ లేదు.

మన అడవుల మంటలు కాలిఫోర్నియా మంటల్లాంటివి కావన్నది నిజం. మనవి ఆకురాల్చే అడవులు. మంట నేల మీద ఆకుల్ని, ఎండుగడ్డిని తింటూ పోతుంది, చెట్టు కొమ్మలదాకా ఎక్కడం తక్కువ. ఏప్రిల్‌కల్లా చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. మనల్ని మోసం చేసేది ఆ చిగురే. నేల మీది ఆకు దుప్పటి పోయిందనీ, మూడు నాలుగేళ్ళ మొలకలు మాడిపోయాయనీ దూరం నుంచి కనిపించదు. గ్రానైటు రాళ్ళ మీద ఇక్కడి ఎర్ర చల్క నేల ఎంతో లోతు ఉండదు. నైరుతి రుతుపవనాలు జూన్ రెండో వారం ప్రాంతంలో వస్తాయి. మార్చిలో కాలిన వాలు మీద ఒట్టి మట్టికి తగిలే మొదటి దెబ్బ జూన్ వానది. అనంతగిరి మూసీ పుట్టిన చోటు, ఆ మూసీ నీరే ఉస్మాన్‌సాగర్‌కు చేరుతుంది. 1908 వరదల తర్వాత కట్టిన ఆ చెరువు పూడిక గురించి సభలు పెట్టే నగరం, ఎగువన కాలిన కొండ బాట గురించి పట్టించుకోకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

మంట ఆరినప్పటి నుంచి వాన దాకా ఉండేది మహా అయితే రెండు మూడు నెలలు. అదీ 40 డిగ్రీల ఎండల్లో. పొద్దున ఎనిమిదిన్నర దాటితే పార పట్టలేం. ఉన్న కొద్దిమంది బీట్ సిబ్బందీ, సీజన్‌కి పెట్టుకునే ఫైర్ వాచర్లూ బ్లోయర్లు భుజాన వేసుకుని ఎక్కడ పొగ లేస్తే అక్కడికి పరుగెత్తడంలోనే ఉంటారు. ఆరిన కొండ మీద నీటి దారులు మళ్ళించే తీరిక వాళ్ళకు ఎక్కడిది? తెల్లవారుజామున నాలుగింటికి లేచి, కొండెక్కగల ఒంటితో, సొంత బండి మీద, ఖర్చు అడక్కుండా వచ్చేవాళ్ళు ఈ నగరంలో ఉన్నారు. (సైకిల్ మీద వాళ్ళు పెట్టే ఖర్చు ముందు పార ధర ఒక లెక్కా?)

వాళ్ళు చేయగలిగేది మంట తర్వాత పని ఒక్కటే అనుకోనక్కర్లేదు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటల్ని పసిగట్టి హెచ్చరికలు పంపుతుంది. అందులో వాడే ఒక సెన్సర్‌కు ఒక్కో చుక్క అంటే 375 మీటర్ల చదరం, ఇంకోదానికి కిలోమీటరు. గుట్ట పక్కన ఇప్పుడే అంటుకున్న గడ్డి మంట, ఉపగ్రహం దాటిపోయాక లేచిన పొగ దానికి చిక్కకపోవచ్చు. బాట మీద ఉన్నవాడికి చిక్కుతుంది. ఇప్పుడు మాత్రం అతను ఫోన్ చేయడానికి వెనకాడతాడు. ముందు అడిగే ప్రశ్న "నువ్వక్కడికి ఎందుకెళ్ళావ్" అని అతనికి తెలుసు.

సైకిల్ వాళ్ళను ఇలా అడవి పనిలో కలుపుకోవడానికి అభ్యంతరాలున్నాయి, అన్నీ కొట్టిపారేసేవి కావు. మనుషులు ఎక్కువైతే నిప్పూ ఎక్కువవుతుంది అని అటవీ అధికారులు అంటారు. వీకెండ్ జనం వదిలిన సీసాలు, సిగరెట్ పీకలు చూసినవాళ్ళెవరూ ఆ మాట తప్పనలేరు. జింకలు, నెమళ్ళు ఉన్న మృగవని లాంటి జాతీయ ఉద్యానవనాల్లో సైకిల్ ఊసే వద్దు, అందులో నాకు రెండో మాట లేదు. నేననేది వాటి బయటున్న రిజర్వు ఫారెస్టుల్లో ఇప్పటికే తొక్కుతున్న బాటల గురించి.

వీటన్నింటికంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. మంట లేవగానే మన వేళ్ళు చూపించేది గొర్రెల కాపరి వైపు, తునికాకు కూలి వైపు, ఇప్పపువ్వు ఏరుకునే మనిషి వైపు. కొన్నిసార్లు నిజమే. కొత్త గడ్డి కోసం, కొత్త ఆకు కోసం, చెట్టు కింద నేల శుభ్రంగా ఉండడం కోసం నిప్పు పెట్టే అలవాటు ఉంది. కానీ ఆ బాటలు వేసింది కూడా వాళ్ళ కాళ్ళూ, వాళ్ళ గొర్రెలే. లక్ష రూపాయల సైకిల్ మీద వచ్చినవాడికి గుర్తింపు కార్డు ఇచ్చి, తరతరాలుగా తిరిగినవాడిని అపరాధిగా నిలబెడితే అది అన్యాయమే కాదు, పనికి కూడా చేటు. ఏ వాగు ఏ వానకు ఎటు తిరుగుతుందో చెప్పగలిగేది అతనొక్కడే. 1990ల్లో వన సంరక్షణ సమితులు పెట్టినప్పుడు ఊరివాళ్ళను అడవి పనిలో భాగస్వాముల్ని చేయాలన్న ఆలోచన ఉంది. చాలా సమితులు కాగితాల మీదే మిగిలాయి. సైకిల్ క్లబ్బులతో ఒప్పందం రాస్తే ఆ ఊరి సమితి కూడా అందులో సంతకం పెట్టాలి. బాట ఎక్కడుండాలో చెప్పే మాట ఊరిది, పనికి కూలి తీసుకునే హక్కూ ఊరిదే. నగరం వాళ్ళు ఉచితంగా పనిచేస్తున్నారు కదా అని ఊరి కూలికి ఎసరు పెట్టకూడదు.

ఒప్పందం పెద్ద గ్రంథం కానక్కర్లేదు. వికారాబాద్ డివిజన్‌లో ఒక్క బ్లాకు, ఒక్క క్లబ్బు, ఒక్క ఊరు. డిసెంబరు, జనవరిలో బాట పక్క ఎండుగడ్డి గీకడం, మంట కాలంలో చూసింది చూసినట్టు రేంజ్ ఆఫీసుకు చెప్పడం, కాలిన చోట మే నెలాఖరులోపు నీరు మళ్ళించడం. చెట్టు మీద గొడ్డలి వేసే పని మాత్రం శాఖ సిబ్బందిదే.

క్లబ్బుల వైపు నుంచి గట్టి పరీక్ష ఒకటే. కాలిన బాట మీద ఆ ఏడాది వానాకాలమంతా చక్రం పెట్టకూడదు. తడి మట్టిలో బ్రేకు పట్టి టైరు ఈడిస్తే వారాల పని ఒక్క పొద్దులో పోతుంది. శాన్ గేబ్రియల్ కొండల్లోనూ కాలిన అడవిని ప్రభుత్వం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి మూసేస్తుంది. తామే బాగుచేసిన బాట మీద తామే తొక్కలేని రోజులుంటాయి. 2025 జనవరి 7న మొదలైన ఈటన్ కార్చిచ్చు ఆ కొండల అంచునున్న ఆల్టడీనాలో వేల ఇళ్ళు బూడిద చేసింది. ఏళ్ళ తరబడి చేసిన పని మళ్ళీ మొదటికొచ్చింది, మళ్ళీ మూసివేత. మనవాళ్ళలో వీకెండ్ రైడ్ ఫొటో పడకపోతే ఉండలేనివాళ్ళున్నారు. జులైలో పచ్చగా మారిన అనంతగిరిని చూస్తూ, సొంత చేతులతో చెక్కిన బాట దగ్గర సైకిల్ వెనక్కి తిప్పుకుంటామని రాసిచ్చే క్లబ్బు ముందుకొస్తే, అటవీ శాఖ దగ్గర కాదనడానికి కారణం మిగలదు. ఆ ఒక్క షరతు దగ్గర నసిగితే మాత్రం, వీళ్ళు వచ్చేది తొక్కడానికే తప్ప పనికి కాదన్న బీట్ ఆఫీసర్ అనుమానమే నిజం.