డిప్రెషన్ గోలీలు వేసుకునే పైలట్ల మీద తిరుగుతున్న మెసేజ్‌కు నా జవాబు

2025 ఫిబ్రవరిలో మామునూరు ఎయిర్‌పోర్టుకు కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి వరంగల్, హన్మకొండ వాట్సాప్ గ్రూపుల్లో విమానాల ముచ్చట ఎక్కువైంది. అదే ఏడాది జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం జరిగాక ఆ ముచ్చటలో భయం చేరింది. ఇప్పుడు కాలనీ గ్రూపుల నుంచి చుట్టాల గ్రూపుల దాకా ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "డిప్రెషన్ గోలీలంటే మత్తు మందులే. అవి వేసుకున్న పైలట్ యూరప్‌లో 150 మందిని చంపిండు. అమెరికాలో అయితే అడిగేటోడే లేడు. అహ్మదాబాద్‌లో కూడా అదే జరిగింది. ఒక్కసారి ఆ గోలీ మింగినా లైసెన్సు జీవితాంతం రద్దు చెయ్యాలె, అప్పుడే మనం క్షేమం."

దీన్ని పంపినవాళ్లలో నాకు బాగా కావలసినవాళ్లు ఉన్నారు. వాళ్ల భయం నాకు తెలుసు. బిడ్డల్ని శంషాబాద్‌లో విమానం ఎక్కించి, అటు దిగామని ఫోన్ వచ్చేదాకా నిద్రపోని ఇళ్లు మన దగ్గర ఎన్నో. కానీ ఈ మెసేజ్ కోరినట్టే జరిగితే ఆ బిడ్డలకు ముప్పు తగ్గదు, పెరుగుతుంది. అందుకే ఒక్కో మాటా తీసుకుంటున్నాను.

ముందు "మత్తు మందులే" అన్న మాట. నరాల డాక్టరో మానసిక వైద్యుడో రాసిన ప్రతి గోలీనీ మనవాళ్లు ఒకే గాటన కడతారు. గాభరా తగ్గడానికి ఇచ్చే ఆల్ప్రాజోలం లాంటివి మత్తు తెస్తాయి, అలవాటుగా మారతాయి. పాతకాలపు డిప్రెషన్ మందు అమిట్రిప్టిలిన్ కూడా నిద్రమత్తు తెస్తుంది, చూపు మసకబారుతుంది. విమానయాన నియంత్రణ సంస్థలు పైలట్లకు అనుమతించేవి ఇవి కావు. సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రాం, ఫ్లుయోక్సెటిన్ అనేవి వేరే తరగతి డిప్రెషన్ మందులు. వేసుకున్న గంటలో కిక్కు ఇచ్చే గుణం వాటికి లేదు. పని మొదలు కావడానికే వారాలు పడుతుంది. మొదటి వారాల్లో వికారం, నిద్ర తేడా, గాభరా ఉండొచ్చు, నిజమే. అందుకే మందు మొదలుపెట్టిన పైలట్‌ను వెంటనే కాక్‌పిట్ నుంచి దింపి, మనిషి కుదుటపడ్డాడని తేలేదాకా కూర్చోబెడతారు. మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2022 జనవరి చివరి నుంచి పైలట్లకు చేయిస్తున్న మత్తు పదార్థాల పరీక్షలో గంజాయి, కొకైన్, నల్లమందు జాతి మందులతో పాటు ఆల్ప్రాజోలం కుటుంబం కూడా ఉంది. సెర్ట్రాలిన్ జాతి లేదు. ఈ తేడా తెలియని మనిషి రాసిన మెసేజ్ ఇది.

ఇక యూరప్ సంగతి. జర్మన్‌వింగ్స్ విమానం, 2015 మార్చి 24, బార్సిలోనా నుంచి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్తోంది. కెప్టెన్ బయటికి వెళ్లినప్పుడు కో-పైలట్ తలుపు మూసి, విమానాన్ని ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండలకు గుద్దించాడు. 150 మందీ పోయారు. అతని శరీరంలో డిప్రెషన్ మందుల ఆనవాళ్లు దొరికిన మాట నిజం. దాన్ని దాచి వాదించను. కానీ ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ 2016లో ఇచ్చిన నివేదికను మెసేజ్ రాసినవారు చూసి ఉంటే ఈ ఉదాహరణ ఎత్తుకునేవారు కాదు.

అతనికి శిక్షణ కాలంలోనే, 2008లో, డిప్రెషన్ వచ్చింది. తగ్గాక 2009లో, ఎగరడానికి తప్పనిసరైన మెడికల్ సర్టిఫికెట్ మళ్లీ ఇచ్చారు, ఒక షరతు మీద: జబ్బు తిరగబెడితే సర్టిఫికెట్ చెల్లదు. అంటే జబ్బు తిరిగొస్తే ఎగరనివ్వని కఠినత్వం అతని విషయంలో అప్పటికే ఉంది. 2014 చివర్లో జబ్బు తిరగబెట్టింది. అతను డాక్టర్ల చుట్టూ తిరిగాడు. కూలడానికి రెండు వారాల ముందు ఒక డాక్టర్ మానసిక వైద్యశాలలో చేరమని సలహా ఇచ్చాడు. విమానం కూలిన రోజు డ్యూటీకి వెళ్లకూడదని రాసిన సెలవు చీటీ అతని ఇంట్లో చింపేసి కనిపించింది. కంపెనీకి ఒక్క ముక్క చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నివేదికే రాసింది: ఎగిరే హక్కు పోతుందన్న భయం, పోతే ఆదుకునే బీమా సరిగా లేకపోవడం. మూడోది, ప్రజల ప్రాణం ముఖ్యమైనప్పుడు డాక్టర్ రోగి రహస్యాన్ని ఎప్పుడు బయటపెట్టొచ్చో జర్మనీ నిబంధనల్లో స్పష్టంగా లేకపోవడం. ఇంత జబ్బున్న మనిషి ఆ రోజు ఏ నియమం కిందా ఎగరకూడదు. నియమం ఉంది, దాన్ని దాటే దారి కూడా ఉంది: నోరు మూసుకోవడం. లైసెన్సు శాశ్వతంగా పోతుందంటే ఆ నోరు మరింత గట్టిగా మూసుకుంటుంది.

"అమెరికాలో అడిగేటోడే లేడు" అన్నది శుద్ధ అబద్ధం. 2010 ఏప్రిల్ దాకా అక్కడ ఏ డిప్రెషన్ మందు వేసుకున్నా ఎగరనివ్వలేదు. తర్వాత నాలుగే మందులకు, మనిషిని బట్టి పరిశీలించి, అనుమతి మొదలైంది. అప్పట్లో ఏడాది పాటు నిలకడగా ఉన్నట్టు చూపాలి. తర్వాత ఆ గడువు తగ్గించారు, మందుల జాబితా పెంచారు. మానసిక వైద్యుడి నివేదిక, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు, ప్రత్యేక శిక్షణ ఉన్న డాక్టర్ పర్యవేక్షణ అన్నీ ఉంటాయి. అప్పటిదాకా దాచినవాళ్లు ముందుకొచ్చి చెబితే చర్య తీసుకోబోమని ఆరు నెలల అవకాశం కూడా ఇచ్చారు. నాకు ఎంతో నచ్చిన నిర్ణయం అది. ఆస్ట్రేలియా ఇంకా ముందే అనుమతించింది. అక్కడ 1993 నుంచి 2004 దాకా ఈ మందులు వాడుతూ ఎగిరిన పైలట్లను, వాడనివాళ్లను పోల్చి చూస్తే ప్రమాదాల్లో తేడా కనిపించలేదు.

అహ్మదాబాద్ గురించి రెండు మాటలే. 2025 జులై 12న వచ్చిన ప్రాథమిక నివేదికలో స్విచ్‌లు ఇంజన్లకు ఇంధనం ఆగిపోయే స్థితికి మారాయని ఉంది. ఎందుకు ఆపావని పైలట్లలో ఒకరు, నేను ఆపలేదని మరొకరు అన్నట్టు ఉంది. ఎవరు మార్చారో లేదు, ఎందుకో లేదు, డిప్రెషన్ అన్న మాటే లేదు. తొందరపడి కథలు అల్లొద్దని దర్యాప్తు సంస్థే కోరింది, మన శ్రీకాకుళం ఎంపీ అయిన విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడూ కోరారు. చనిపోయిన మనిషి జవాబు చెప్పలేడు. ఆ పైలట్ల కన్నవాళ్లు బతికి ఉండగా ఇలాంటి నింద ఫార్వర్డ్ చేయడం పాపం అనే మాట నేను ఊరికే వాడటం లేదు.

అసలు చిక్కు చివరి మాటతోనే. "జీవితాంతం రద్దు." రద్దు చేస్తే డిప్రెషన్ ఉన్న పైలట్లు ఉండరా? 2016లో హార్వర్డ్ పరిశోధకులు పేర్లు అడగకుండా చేసిన సర్వేలో డిప్రెషన్ ప్రశ్నలకు జవాబిచ్చిన 1,848 మంది పైలట్లలో 12.6 శాతం మందికి ఆ లక్షణాలు కనిపించాయి. 2022లో వచ్చిన మరో అధ్యయనంలో 3,765 మంది అమెరికా పైలట్లలో 56 శాతం మంది లైసెన్సు భయంతో వైద్యం విషయంలో ఏదో ఒకటి దాచడమో, తప్పించుకోవడమో చేశామన్నారు. జబ్బున్నవాళ్లు ఇప్పటికే ఎగురుతున్నారు. వాళ్ల పక్కన డాక్టర్ ఉండాలా, ఉండకూడదా అన్నదే మన ముందున్న ప్రశ్న. 2023 అక్టోబర్‌లో అమెరికాలో డ్యూటీలో లేని ఒక పైలట్, కాక్‌పిట్‌లో అదనపు సీట్లో కూర్చుని, ఇంజన్లు ఆపే హ్యాండిళ్లు లాగబోయాడు. సిబ్బంది ఆపారు. ఏళ్లుగా కుంగిపోయి ఉన్నా లైసెన్సు పోతుందని మందు మొదలుపెట్టని మనిషి అతను. అంతకు రెండు రోజుల ముందు మత్తు పుట్టగొడుగులు తిన్నాడు.

నాకు తెలిసిన హన్మకొండ పిల్లగాడొకడు అప్పు చేసి పైలట్ శిక్షణలో చేరాడు. నిద్ర పట్టక, అన్నం సయించక నలిగిపోతున్నాడు. డాక్టర్ దగ్గరికి పొమ్మంటే, "చీటీ మీద నా పేరు పడితే మెడికల్ పోతది అన్నా. వేరే పేరుతోటి చూపించుకుంటే తెలుస్తదా?" అని అడిగాడు. అతనికి ఆ మెసేజ్ వాళ్ల నాన్నే పంపాడట. మన కాజీపేటలో రైళ్లు నడిపే లోకో పైలట్ల ఇళ్లలో కూడా ఇదే మెసేజ్ చేరి ఉంటుంది. చూసినవాళ్లు ఏం నేర్చుకుంటారో చెప్పండి. ఇలా నలుగుతున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబర్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు.

అందరినీ ఎగరనివ్వమని నేను అనడం లేదు. చావు ఆలోచనలున్నవాళ్లు, భ్రమలున్నవాళ్లు, మందు కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కిందనే ఉండాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ చెప్పేదీ ఇదే: మందు వాడుతున్నవారిని మామూలుగా అనర్హులుగానే చూడాలి, కానీ వివరాలన్నీ పరిశీలించిన వైద్యాధికారి భద్రతకు అడ్డు కాదని తేల్చితే అనుమతించవచ్చు. యూరప్ 2021 నుంచి ప్రతి ఎయిర్‌లైన్‌లో తోటి పైలట్లతో మనసు విప్పి మాట్లాడుకునే ఏర్పాటును తప్పనిసరి చేసింది. డీజీసీఏ కూడా 2023లో అలాంటిదే పెట్టమని సూచించింది. మనం గట్టిగా అడగాల్సింది అదే: ఆ ఏర్పాటు కాగితం మీద ఉండిపోకుండా, అందులో మాట్లాడింది మేనేజ్‌మెంట్ చెవిన పడకుండా చూడాలి. వైద్యం కోసం కింద కూర్చున్న నెలలకు జీతం ఇవ్వాలి. లైసెన్సు పోతే అప్పు తీర్చే బీమా ఉండాలి.