ఆ బాండు పేపరు చెల్లదు

‘పెద్దల సమక్షంలో పలుమార్లు పంచాయితీలు జరిగినా అతనిలో మార్పు రాలేదు.’ జిల్లా పేజీల్లో ఈ వాక్యం చదవని తెలుగు పాఠకుడు ఉండడు. భార్యను భర్త చంపిన వార్తలోనో, ఇల్లాలు పురుగుల మందు తాగిన వార్తలోనో చివరి పేరాలో కనిపిస్తుంది. మేమూ ఎన్నోసార్లు అచ్చువేశాం. వేసి, తర్వాతి వార్తకు వెళ్లిపోయాం. ఆమె దెబ్బలు తింటోందని ఊరికి ముందే తెలుసనీ, పలుమార్లు తెలుసనీ ఆ ఒక్క వాక్యం చెబుతోంది. తెలిసి ఏం చేశారు? కూర్చోబెట్టి మాట్లాడారు. బాండు పేపరు రాయించారు. మళ్లీ అదే ఇంటికి, అదే మనిషి దగ్గరికి పంపించారు.

ఆ పంచాయితీ ఎలా ఉంటుందో ఊళ్లో పెరిగినవాళ్లకు తెలుసు. పంచాయతీ ఆఫీసు ముందో, వేపచెట్టు కిందో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. వాటిలో సర్పంచి భర్త, ఒక మాజీ ఎంపీటీసీ, ఇద్దరు కులపెద్దలు. ఆమె మోచేతి దగ్గర కమిలిన చోటును కొంగుతో కప్పుకొని, తల్లి పక్కన నేల మీద కూర్చుంటుంది. మొదటి ప్రశ్న ఆమెకే. ‘నువ్వేమన్నావమ్మా, ఊరికే ఎందుకు కొడతాడు?’ రెండు వైపులా ముందే డిపాజిట్ కట్టించుకునే ఊళ్లూ ఉన్నాయి. చీకటి పడేసరికి స్టాంపు పేపరు వస్తుంది. ‘ఇకమీదట తాగి కొట్టను’ అని అతను రాసిస్తాడు. ‘అత్తమామల మాట వింటాను, చెప్పకుండా పుట్టింటికి వెళ్లను’ అని ఆమె చేత రాయిస్తారు. కొట్టినవాడికీ దెబ్బలు తిన్నదానికీ ఆ కాగితంలో చెరి సగం తప్పు. కాగితం ఒక పెద్దమనిషి బీరువాలోకి పోతుంది. ఆమెకు జిరాక్సు కూడా ఇవ్వరు.

కోర్టుకెక్కితే ఏళ్లు పడుతుంది, పిల్లలు అన్యాయమైపోతారు, పెద్దల మాటతో నిలబడిన కాపురాలు లేవా అని అడిగేవాళ్లున్నారు. ఉండొచ్చు. పొలం గట్టు దగ్గర తగాదా వస్తే పెద్దలు తీర్చడంలో తప్పులేదు. కానీ ఇదే పెద్దలు బోరు మోటారు పోతే ‘సర్దుకుపో’ అనరే? ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి తీగ పోతే దొంగ చేత బాండు రాయించుకొని ఇంటికి పంపరే? నేరుగా స్టేషన్‌కు వెళతారు. మోటారుకున్న పాటి విలువ మనిషికి లేకుండా పోయిందా?

ఒక్క కాగితంతో పోతే ఇంత రాయనక్కర్లేదు. అది ఊరికి ఆనవాయితీ అయిపోవడమే అసలు ప్రమాదం. ఇవాళ ఒకామె వేలిముద్ర వేస్తే, రేపు పంచాయితీకొచ్చే మరొకామెకు అదే చూపిస్తారు. ‘మొన్న ఫలానావాళ్ల కోడలు సర్దుకోలేదా?’ ఆ తర్వాత ధైర్యం చేసి స్టేషన్‌కు వెళ్లిన ఆడపిల్లకు అక్కడా ఇదే మాట: ‘ముందు పెద్దమనుషుల్లో మాట్లాడుకొని రండి.’ అంటే చట్టం గడప తొక్కాలన్నా బాండు పేపరు దాటి రావాలన్నమాట. పంచాయతీ వేరు, పంచాయితీ వేరు. రాయడానికి ఒక్క గుడి తేడా. మొదటిది రాజ్యాంగం గుర్తించిన సంస్థ, రెండోది నలుగురు కూర్చుని చెప్పే తీర్పు. ఎన్నికైన సర్పంచో, వార్డు మెంబరో ఆ కుర్చీలో కూర్చోగానే తేడా చెరిగిపోతుంది. కొట్టి రాజీపడొచ్చన్నది ఊరి అధికారిక విధానమైపోతుంది.

ఈ అధికారం వీళ్లకు ఎవరిచ్చారు? 2005 నాటి గృహహింస చట్టంలో పెద్దమనుషుల పంచాయితీకి చోటే లేదు. కౌన్సెలింగ్‌కు పంపాలన్నా ఆ మాట మేజిస్ట్రేట్ చెప్పాలి. కేసు పెట్టాక రాజీ కుదుర్చుకోవాలన్నా కోర్టు అనుమతి కావాలని, అడిగాక కనీసం మూడు నెలలు ఆగాలని 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, భార్యను భర్త, అత్తింటివాళ్లు హింసించడాన్ని నేరంగా చెప్పిన అప్పటి ఐపీసీ సెక్షన్ 498ఏ విషయంలో సవరణ తెచ్చుకుంది. భయంతోనో మొహమాటంతోనో ఒప్పుకొన్న మనిషి మనసు మార్చుకోవడానికి చట్టం మూడు నెలలిచ్చింది. మన పెద్దలు ఒక్క సాయంత్రం ఇస్తున్నారు. మేజిస్ట్రేట్ ఇచ్చిన రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది దాకా జైలు. బాండు పేపరు మీరితే? ఇంకో పంచాయితీ, ఇంకో బాండు పేపరు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో వంద మంది వివాహితల్లో దాదాపు 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది భర్త చేతిలో హింస చవిచూసినవాళ్లే. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనని చెప్పిన మహిళలు రెండు రాష్ట్రాల్లోనూ 80 శాతం పైనే. ఆడవాళ్లే ఒప్పుకొంటున్నారు కదా అని ఈ అంకెను అడ్డం పెట్టుకునేవాళ్లను ఒకటి అడుగుతున్నాం. ‘నువ్వేమన్నావమ్మా’ అన్న ప్రశ్న చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన పిల్ల ఇంకేం చెబుతుంది?

ప్రభుత్వాల తప్పూ తక్కువేం కాదు. గృహహింస బాధితురాలికి సాయపడాల్సిన రక్షణాధికారి అనే పదవి చట్టంలో ఉందని ఎన్ని ఊళ్లకు తెలుసు? చాలాచోట్ల అది మరో అధికారికి అప్పగించిన అదనపు పని. జిల్లా, తాలూకా స్థాయుల్లో ఈ అధికారులను గుర్తించి నియమించండని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. చట్టం వచ్చిన ఇరవై ఏళ్లకు! ఇటు కేంద్రం, మహిళల చిన్నపాటి సమస్యలు గ్రామ పంచాయతీ స్థాయిలోనే తీర్చాలంటూ అస్సాం, జమ్మూకశ్మీర్‌లలో నారీ అదాలత్‌లను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. అక్కడ కూర్చునేది మహిళలే కావడం మంచిదే. కానీ ఏది చిన్నది? చెంపదెబ్బ చిన్నదైతే, గొంతు పట్టుకోవడం ఏ లెక్కలోకి వస్తుంది? ‘చిన్న గొడవ’ అన్న మాటతోనే మన ఊళ్లలో ప్రతి బాండు పేపరూ మొదలవుతుంది.

పంచాయతీ చేయాల్సింది చాలా ఉంది. హింస జరుగుతోందని తెలిస్తే ఎవరైనా రక్షణాధికారికి చెప్పొచ్చు, సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదని చట్టమే అభయమిచ్చింది. ఆ పని సర్పంచి చేయాలి. 181 నంబరును, రక్షణాధికారి ఫోన్ నంబరును ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. హింసకు గురైన మహిళలకు కావాల్సిన సాయమంతా ఒకేచోట అందించే సఖి కేంద్రానికి వెళ్లడానికి బండి మాట్లాడిపెట్టాలి. ఆమెకు ఉచితంగా లాయరును ఇవ్వాల్సింది న్యాయసేవాధికార సంస్థ, ఆదాయంతో పని లేదు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఆ మాట అత్తింటివాళ్లకు పదిమందిలో చెప్పగల మనిషి సర్పంచే. ఇందులో ఏదీ కోట్లు ఖర్చయ్యే పని కాదు. సగం సర్పంచి పదవులు మహిళలకు ఇచ్చుకున్న రాష్ట్రాలు మనవి. మహిళా సర్పంచి ఇంట్లో ఉండి, ఆమె భర్త చెట్టు కింద తీర్పులు చెప్పడం ఇకనైనా ఆగాలి.

అనుమానాస్పదంగా ఒక మహిళ చనిపోతే పోలీసులు శవ పంచనామాకు ఊళ్లోని పెద్దమనుషులను పిలుస్తారు. వచ్చి సంతకాలు పెడతారు. అంతకుముందు ఆమె చేత రాజీ కాగితం రాయించినవాళ్లే ఇక్కడా సంతకం పెట్టడానికి వస్తే వాళ్లను పక్కకు పిలవండి. బీరువాలోని ఆ బాండు పేపరు తెప్పించి కేసు ఫైల్లో పెట్టండి. దాని మీద పేరున్న ప్రతి ఒక్కరినీ సాక్షిగా పిలిచి, తెలిసి ఎందుకు వెనక్కి పంపారని అడగండి. దానికి జవాబు చెప్పలేని పెద్దలు ఇంకోసారి ఆ కుర్చీల్లో కూర్చోవద్దు.