గిట్టుబాటు లెక్కలో చిరుగు

బల్ల మీద ఓ పాత పట్టు గౌను పరిచి ఉంది. బరువు, నిగారింపు రావడానికి 19వ శతాబ్దంలో పట్టును తగరం లవణాల్లో ముంచేవారు. ఆ లోహమే ఇప్పుడు పోగును లోపల్నుంచి తినేస్తోంది. మడత విప్పబోతే ముక్కలుముక్కలుగా రాలుతుంది. దీన్ని నీళ్లలో పెట్టవచ్చా? ముందు ఒక్కో రంగు మీదా తడి బ్లాటింగ్ పేపర్ ఆనించి, రంగు దిగుతుందేమో చూడాలి. ఆ తర్వాత ఉల్లిపొర లాంటి పట్టుగుడ్డను ఆసరాగా పెట్టి, వెంట్రుకంత దారంతో చిరుగును నిలబెట్టాలి. ఎంత లాగితే పాత పోగు తెగుతుందో ఏ పుస్తకమూ చెప్పదు. పక్కన కూర్చున్నవారు ‘ఆగు’ అన్నప్పుడే తెలుస్తుంది.

పాత వస్త్రాలను పాడవకుండా కాపాడే ఈ పని (టెక్స్‌టైల్ కన్జర్వేషన్) పద్ధతిగా నేర్పే కేంద్రాలు ప్రపంచం మొత్తం మీద చాలా కొద్ది. వాటిలో ఒకటి మూతపడితే ఏమవుతుందో చెప్పడానికి ఊహ అక్కర్లేదు, బ్రిటన్ అనుభవం ఉంది. వస్త్ర సంరక్షణ నిపుణురాలు కారెన్ ఫించ్ 1975లో లండన్ దగ్గరి హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో మొదలుపెట్టిన టెక్స్‌టైల్ కన్జర్వేషన్ సెంటర్ 1999లో వించెస్టర్‌కు మారి, సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. పదేళ్లు తిరగగానే, ఖర్చు గిట్టుబాటు కావడం లేదని 2009 అక్టోబరులో దాన్ని మూసేశారు. దేశదేశాల మ్యూజియంల వాళ్లు, పాత విద్యార్థులు వద్దు వద్దని మొత్తుకున్నా ఆగలేదు. ఆ కేంద్రం పేరిట ఉన్న ఫౌండేషన్ పట్టు వదలకపోవడంతో 2010లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదువు మళ్లీ మొదలైంది. గ్రంథాలయమూ అక్కడికే చేరింది. అదృష్టమనే చెప్పాలి. ప్రతిసారీ ఓ గ్లాస్గో దొరుకుతుందని ఎవరు హామీ ఇస్తారు?

గిట్టుబాటు కాదన్న మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. ఒక్కో టీచరుకు విద్యార్థులు కొద్దిమందే ఉంటారు. మైక్రోస్కోపులు, రసాయనాలు, గౌనును మడత లేకుండా పరిచేంత పెద్ద బల్లలు కావాలి. రెండు వందల మంది కూర్చునే లెక్చర్ హాలుతో పోలిస్తే ఏ అకౌంటెంటుకైనా ఇది నష్టంలాగే కనిపిస్తుంది. అయితే ఇక్కడ తయారైన చేతుల వల్ల లాభపడేది విశ్వవిద్యాలయం కాదు, మ్యూజియంలు. ఖర్చు ఒకరి పద్దులో, ప్రయోజనం ఇంకొకరి పద్దులో పడుతోంది. చిరుగు అసలు అక్కడే ఉంది.

అందుకే ఇలాంటి కేంద్రాలను మూయొద్దని పోరాడే ఉద్యమకారులకూ ఒక మాట చెప్పాలనిపిస్తోంది. ‘మన వారసత్వం, మన సంస్కృతి’ అని ఎంత గట్టిగా అరిచినా ఫైనాన్స్ ఆఫీసరు ఫైలు కదలదు. సంతకాల సేకరణ మంచిదే, అది తొలి మెట్టు మాత్రమే. ఏ మ్యూజియంకు వచ్చే ఐదేళ్లలో ఎంతమంది నిపుణులు కావాలి, ఆ శిక్షణకు అది ఎంత ఇస్తుంది అన్నది రాతపూర్వకంగా తేవాలి. తయారైన మనిషిని ఉద్యోగంలోకి తీసుకుంటూ, తయారుచేసిన చోటుకు పైసా ఇవ్వని మ్యూజియంలు సంతాప ప్రకటనలతో సరిపెట్టుకుంటామంటే మేం ఒప్పుకోం.

ఈ కేంద్రాలను నడిపే విశ్వవిద్యాలయాల యాజమాన్యాలను మేం అడిగేది కూడా పెద్దదేమీ కాదు. కేంద్రాన్ని తప్పనిసరిగా వదులుకోవాల్సి వస్తే, తీసుకునే సంస్థ తేలేదాకా కొత్త బ్యాచ్‌ను ఆపొద్దు. దశాబ్దాలుగా పోగుచేసిన నూలు, అద్దకాల నమూనాలను, చేసిన ప్రతి మరమ్మతు రికార్డునూ తలో గదికీ పంచేయొద్దు. ఏ రసాయనం ఏ బట్టను ముప్పై ఏళ్ల తర్వాత పాడుచేసిందో చెప్పేవి ఆ రికార్డులే. ముఖ్యంగా బోధకులను ముందే ఇంటికి పంపొద్దు. వాళ్లు వేరే బతుకుతెరువు చూసుకున్నాక నిధులు దొరికినా, ఆ బల్ల దగ్గర ‘ఆగు’ అనేవారు ఉండరు.